చలువలో నుంచవలసిన మందులు



రోహిణికార్తెలో రోళ్ళు పగులునని మన పెద్దలు సామెత చెప్పిరి. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వేసవిలో వేడి 45 సెంటిగ్రేడు డిగ్రీలు దాటుట అరుదు కాదు. అట్టి దినములలో పాలు విరుగకుండుటకును, పెరుగు పులియకుండుటకును, అన్నము పాచిపోకుండుటకును మన యిల్లాండ్రు పడు శ్రమ మీరెరుగనిది కాదు. అయినను ఈ వస్తువులయందొక మేలు కలదు. పాలు విరిగినచో కంటికి కనబడును. అన్నము పాచినచో ముక్కునకు తెలియును. పెరుగు పులిసినచో నాలుకకు తెలియును. చెడిన వస్తువు తన చేటును తానే చాటుకొనును గనుక మన మద్దానిని పారవేయుదుము.

మందులలో కొన్ని యిట్లు చాటుకొనవు. సీసా అట్లే యుండును. పైనున్న చీటీ అట్లే యుండును. లోని మందు నీటివలె తేటగానే యుండును. గుణము మాత్రము పోయి యుండును. మందు దొరకనివాడు వైద్యుని యింటికి పరుగెత్తును. చెడిన మందు చేత నున్నవాడు పరుగెత్తడు. తాను మందు పుచ్చుకొంటినను ధైర్యముతో కూర్చుండును. వ్యాధి మాత్రము తన పని తాను చేయుచుండును. కావుననే ఇట్టి మందులను ఎట్లు కాపాడుకొనవలెనో గ్రామమునందలి పెద్దలు తెలిసికొని పదిమందికి చెప్పుట అవసరము.

అన్ని మందులకును చలువ కావలెనా? అక్కర లేదు. మనము నిత్యము వాడు మాత్రలలో చాలభాగము ఎండ తగులని, తడి చేరని, మిక్కిలి వేడి లేని చోట నున్న చాలును. వానిని రిఫ్రిజిరేటరులో పెట్టినచో ఒక్కొక్కప్పుడు తేమ తగిలి చెడును గూడ. చలువ తప్పక కావలసినవి వేరు. మధుమేహమునకు వాడు ఇన్సులిను, పిల్లలకు వేయు టీకామందులు, కుక్కకాటునకు వేయు టీకా, కాన్పు సమయమున రక్తస్రావము నాపుటకు ఇచ్చు ఆక్సిటోసిను, కొన్ని కంటిచుక్కలు, పశువులకు వేయు టీకాలు ఈ జాతిలోనివి. వీనిలో పెక్కింటి పెట్టెలమీద 2 అను అంకెయు, 8 అను అంకెయు, ప్రక్కన డిగ్రీని తెలుపు చిన్న సున్నయు అచ్చువేయబడి యుండును. ఇంగ్లీషు రానివారు సైతము అంకెలను చదువగలరు. ఆ మందును 2 డిగ్రీలకు తగ్గని, 8 డిగ్రీలకు మించని చలువలో నుంచవలెనని దాని యర్థము. నీరు గడ్డకట్టి మంచగునది 0 డిగ్రీలయొద్ద. మన శరీరపు వేడి సుమారు 37 డిగ్రీలు. అనగా ఈ మందులకు కావలసినది మంచును కాదు, మామూలు కుండనీటి చలువయు కాదు. ఆ రెంటి నడిమి ఇరుకైన చోటు.

వేడి వీనిని ఏల చెరచును? కోడిగ్రుడ్డులోని తెల్లసొనను చూడుడు. పచ్చిగా నున్నపుడు జారుచుండును. ఉడికిన పిమ్మట గట్టిపడును. ఉడికినదానిని ఎంత చల్లార్చినను మరల పచ్చిసొన కాదు. ఇన్సులినును, మరి యిట్టి మందులు పెక్కును, ఆ సొనవలెనే మాంసకృత్తుల జాతికి చెందినవి. వాని గుణము వాని నిర్మాణమునందున్నది. వేడి ఆ నిర్మాణమును కొంచెము కొంచెముగా చెరచును. నిన్న రెండు గంటలు, నేడు నాలుగు గంటలు ఎండ తగిలినచో ఆ నష్టమంతయు లెక్కకు చేరును. తరువాత చలువలో పెట్టుటచేత ఇకమీది నష్టము తగ్గునే గాని పోయిన గుణము తిరిగి రాదు.

వేడి చెరచుననగానే కొందరు, అట్లయినచో మంచుగడ్డలలోనే పెట్టుదమని తలతురు. ఇది రెండవ ప్రమాదము. పెరుగును గడ్డకట్టించి మరల కరగించినచో నీరు వేరుగను, తరకలు వేరుగను విడిపోవును. ధనుర్వాతము, కంఠసర్పి, కోరింతదగ్గు, ఒక జాతి కామెర్లు, వీనికి వేయు టీకామందులలో మిక్కిలి సన్నని రేణువులు తేలుచుండును. ఒక్కసారి గడ్డకట్టినచో ఆ రేణువులు ముద్దలై మందు నిష్ప్రయోజనమగును. ఇన్సులినునకును గడ్డకట్టుట కూడదు. కావున మందును మంచుగడ్డకు నేరుగ తగులనీయరాదు. గడ్డకట్టి కరగిన ఇన్సులిను పైకి ఎట్లు కనబడినను దానిని వాడరాదు.

ఈ చలువ సమస్య నేటిది కాదు. మశూచి రోగమునకు టీకా ఇంగ్లాండులో వెలసిన క్రొత్తలో, దానిని దారములకు పట్టించి ఓడలలో మన దేశమునకు పంపిరి. దీర్ఘప్రయాణములోని వేడికి అది గుణము కోల్పోయెను. తుదకు ఒకరి చేతినుండి ఇంకొకరి చేతికి టీకా నెక్కించుచు, బాగ్దాదునుండి బస్రాకును, అచ్చటినుండి ఓడమీద బొంబాయికిని తెచ్చిరి. 1802 జూన్ 14వ తేదీన బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అను మూడేండ్ల బాలికకు వేసినదే మన దేశమున ఫలించిన మొదటి టీకా. అనగా ఆనాడు టీకామందును కాపాడిన పాత్ర మనుష్యుల శరీరమే.

తరువాత మద్రాసు చెంత గిండీలో 1899లో స్థాపింపబడిన కింగ్ ఇన్‌స్టిట్యూటులో దూడలనుండి టీకారసమును తయారుచేసి మద్రాసు రాజధానిలోని జిల్లాలకు పంపుచుండిరి. మన సర్కారు, రాయలసీమ జిల్లాలు నానాడు ఆ రాజధానిలోనివే. ఆ రసము ద్రవరూపమున నుండుటచేత వేసవిలో త్వరగా చెడెడిది. 1950 తరువాత లండనులోని లిస్టర్ ఇన్‌స్టిట్యూటులో లెస్లీ కాలియరు అను శాస్త్రజ్ఞుడు టీకాను గడ్డకట్టించి, అందలి తడిని తీసివేసి, పొడిగా చేయు పద్ధతిని చక్కపరచెను. ఆ పొడి 37 డిగ్రీల వేడిలో సైతము నెలదినములు గుణము చెడక నిలిచినది. ఎండదేశములలోని మారుమూల పల్లెలకు మంచి టీకా చేరుటకు ఇది ముఖ్యకారణము. 1975లో మన దేశమునందును, 1977లో సోమాలియాయందును మశూచి ఆఖరుసారిగా వ్యాపించినది. 1980లో లోకమునుండి అది తొలగిపోయినట్లు ప్రపంచారోగ్యసంస్థ ప్రకటించినది. టీకాను కనిపెట్టుట యొక యెత్తు. దానిని చెడకుండ పల్లెకు చేర్చుట మరియొక యెత్తు.

టీకాలన్నియు ఆ విధముగా పొడిచేసి వేడికి నిలుపవీలైనవి కావు. కావున వానిని కర్మాగారము మొదలుకొని బిడ్డ చేతివరకు చలువలోనే నడిపించుచున్నారు. దీనిని శీతల శృంఖల మందురు. గొలుసులో ఒక్క లంకె తెగినను గొలుసు పనికిరానట్లు, దారిలో ఒక్కచోట చలువ తప్పినను అంతవరకు పడిన శ్రమ వ్యర్థమగును. ఈ గొలుసు కడపటి లంకె మన ఊరిలోనే యున్నది.

ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో టీకాల నుంచుటకు ప్రత్యేకమైన రిఫ్రిజిరేటరు ఉండును. దాని గోడలలో మంచుపొర యుండుటచేత దినమునకు 8 గంటలు విద్యుత్తు వచ్చినను అది చలువను నిలుపగలదు. అచ్చటినుండి నర్సు ఒక పెట్టెలో నాలుగు మంచుడబ్బాల నమర్చి టీకాలను ఊరికి తెచ్చును. బయలుదేరుటకు ముందు ఆమె ఆ మంచుడబ్బాలను కొంతసేపు బయట పెట్టి యుంచును. కాలము వృథా చేయుచున్నదని తలపకుడు. డబ్బాను ఊపిచూచినపుడు లోపల నీరు కదలిన చప్పుడు వినబడవలెను. అప్పుడు గాని అందలి చలువ టీకాలను గడ్డకట్టింపని స్థితికి రాదు.

మరియొక సంగతి. తట్టు టీకాను, క్షయనివారణకు వేయు బి.సి.జి. టీకాను పొడిగా తెచ్చి, ఊరిలో ద్రవముతో కలుపుదురు. కలిపిన పిమ్మట 4 గంటలకు మించి దానిని వాడరాదు. మిగిలినదానిని నర్సు పారవేయుట చూచి, సర్కారు సొమ్ము నేలపాలు చేయుచున్నదని కొందరు మందలింతురు. అది తగదు. గడువు మీరిన సీసాలో క్రిములు చేరినచో బిడ్డ ప్రాణమునకే ముప్పు. ఆ బొట్లు నేలపాలగుటయే మేలు.

కొన్ని టీకాసీసాల మీద ఒక చిన్న గుర్తును మీరు చూడవచ్చును: ఒక వలయము, దానిలో ఒక చదరము. ఇది 1996లో పోలియోచుక్కల సీసాలతో వాడుకకు వచ్చినది. సీసాకు వేడి తగులుకొలది లోపలి చదరము నల్లబడుచుండును. చదరము వలయముకంటె తెల్లగా నున్నంతవరకు, గడువుతేదీ దాటనిచో, మందు వాడదగినది. చదరము వలయముతో సమానముగా నల్లబడినను, అంతకంటె నల్లబడినను దానిని వాడరాదు. తన చేటును చాటుకొనలేని మందునకు మనుష్యుడు కల్పించిన నోరు ఈ గుర్తు. కాని ఇది వేడిని మాత్రమే చెప్పును; గడ్డకట్టిన సంగతి చెప్పదు. టీకాలు వేయు దినమున నర్సును ఆ గుర్తు చూపుమని మర్యాదగా నడుగవచ్చును. మంచిగా పనిచేయు నర్సు సంతోషముతో చూపును.

ఇక ఇంటిలో నుంచుకొను ఇన్సులిను మాట. 1921లో కెనడాదేశపు టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు దీనిని వెలికితీసిరి. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అను బాలునకు మొదటిసారి ఇచ్చిరి. అంతకుముందు ఒక జాతి మధుమేహము సోకిన పిల్లలు కొలది కాలములోనే మరణించుచుండిరి. నేడట్టి పిల్లలు పెరిగి పెద్దవారై సంసారములు చేయుచున్నారు. వారి ప్రాణము ఆ చిన్న సీసాలో నున్నది.

మూత తెరువని ఇన్సులినును 2 డిగ్రీలకును 8 డిగ్రీలకును నడుమ నుంచినచో చీటీ మీది గడువువరకు నిలుచును. వాడుకలోనికి తెచ్చినదానిని 25 లేక 30 డిగ్రీలకు మించని చోట సాధారణముగా 4 వారములు వాడవచ్చును. పెట్టెలోని కాగితము మీది గడువు వేరుగా నున్నచో దానినే పాటింపవలెను. తెరచిన దినమును సీసామీద వ్రాసికొనుట మంచి యలవాటు. తేటగా నుండవలసిన ఇన్సులిను మసకబారినను, పాలవలె నుండవలసినది అరచేతుల నడుమ మెల్లగా దొర్లించిన పిమ్మటయు ముద్దలుగా నున్నను, సీసాగోడకు తెల్లని పొర పట్టినను వాడరాదు. అయితే ఈ గుర్తులు లేనంతమాత్రమున మందు మంచిదని నమ్మరాదు. ఎప్పటివలె మందు పుచ్చుకొనుచు, ఎప్పటివలె తినుచున్నను రక్తములో చక్కెర పెరుగుచున్నచో, మందు వేడికి చెడినదేమో యని మొదట అనుమానింపవలెను. సొంతముగా మోతాదు పెంచక వైద్యునికి చెప్పి క్రొత్త సీసా తెచ్చుకొనవలెను.

రిఫ్రిజిరేటరు ఉన్న యిండ్లలో సైతము కొన్ని జాగ్రత్తలు కలవు. తలుపు అరలో పెట్టరాదు. తలుపు తీసినప్పుడెల్ల అచ్చట వేడి తగులును. మంచు పట్టు అరలోనైనను, దాని క్రిందనైనను, వెనుకగోడకు ఆనించియైనను పెట్టరాదు, అచ్చట గడ్డకట్టును. నడిమి అరలో ఒక మూతడబ్బాలో నుంచుట యుక్తము. అడుగున నీళ్ళసీసాలు నింపి పెట్టినచో విద్యుత్తు పోయినపుడు చలువ కొంతసేపు నిలుచును. విద్యుత్తు లేనప్పుడు తలుపు తీయకుండుటయే పెద్ద ఉపాయము. చలువను కొలుచు చిన్న యంత్రమొకటి లోపల నుంచుకొన్నచో ఊహతో పని లేదు.

రిఫ్రిజిరేటరు లేని పేదవాడేమి చేయవలెను? ఇందుకు మన కుమ్మరి చేతిపనియే కొంత తోడ్పడును. ఒక పెద్దకుండలో ఇసుక పోసి, దానిలో చిన్నకుండ నుంచి, రెంటి నడిమి సందును ఇసుకతో నింపి, ఉదయము సాయంకాలము ఇసుకను తడుపవలెను. మందును నీరు చొరని డబ్బాలో పెట్టి లోపలికుండలో నుంచి, పైన తడిగుడ్డ కప్పవలెను. కుండను నీడలో, గాలి ఆడుచోట నుంచవలెను. నీరు ఆవిరియగునపుడు వేడిని గొనిపోవుటచేత లోపల చలువ కలుగును. నైజీరియాదేశపు ఉపాధ్యాయుడు మహమ్మద్ బా అబ్బా ఇట్టి జంటకుండలను కూరగాయలు నిలువయుంచుటకై పల్లెలలో వ్యాపింపజేసి 2000లో రోలెక్స్ బహుమానము పొందెను. పొడిగాలి వీచు తెలంగాణమునందును, రాయలసీమయందును ఇది బాగుగా పనిచేయును. ఉక్కపోత యెక్కువగల సముద్రతీరమున ఇంత చలువ రాదు. ఒక్కటి మరువరాదు: ఈ కుండ 2 డిగ్రీల, 8 డిగ్రీల చలువ నీయజాలదు. వాడుకలోనున్న ఇన్సులినును వడగాడ్పునుండి కాపాడుటకే ఇది; టీకాలకు పనికిరాదు.

ఇందునుగూర్చి ధైర్యము నిచ్చు శోధన యొకటి కలదు. కెన్యాదేశమునందలి ఒక శరణార్థుల శిబిరములో ఇండ్లలోని వేడి 25 మొదలు 37 డిగ్రీలవరకు మారుచుండుట గమనించి, అదే వేడిలో ఇన్సులినును 4 వారములుంచి, జెనీవా విశ్వవిద్యాలయమువారును, మెడిసిన్స్ శాన్ ఫ్రాంటియర్స్ అను వైద్యసంఘమువారును పరీక్షించిరి. దాని గుణము తగ్గలేదని 2021లో ప్రకటించిరి. కావున రిఫ్రిజిరేటరు లేనంతమాత్రమున పేదవాడు ఇన్సులిను మానరాదు. అయితే రేకులకప్పు క్రింద ఇనుపబీరువాలోని మధ్యాహ్నపు వేడి 37 డిగ్రీలతో ఆగునది కాదని గుర్తెరుగవలెను.

మందును పట్టణమునుండి తెచ్చునపుడు గొలుసు తెగు అవకాశ మెక్కువ. దుకాణములో చలువలోనుండి తీసి యిచ్చిన సీసాను చొక్కాజేబులోనో, మోటారుసైకిలు పెట్టెలోనో పెట్టి, మార్గమధ్యమున సంతపనులు చూచుకొని సాయంకాలమునకు ఇల్లు చేరువారు కలరు. మందును కడపట కొని నేరుగ ఇల్లు చేరవలెను. వెడల్పుమూతి ఫ్లాస్కులో అడుగున మంచుముక్కలు వేసి, పైన మందమైన గుడ్డ పరచి, మందును పొడి సంచిలో చుట్టి దానిపై నుంచిన చాలును.

పాముకాటునకు విరుగుడుమందు మన దేశమున ఎక్కువగా పొడిరూపమున దొరకును. ద్రవరూపమున నున్నదానికి చలువ తప్పదు. దానిని ఇంట నుంచుకొనుట మన పని కాదు. కరచినవానిని వెంటనే ఆసుపత్రికి చేర్చుటయే మన పని. కాని వానకాలము రాకముందే మన ఆరోగ్యకేంద్రములో ఆ మందున్నదా, చీటీలో చెప్పినట్లు ఉంచబడినదా అని పెద్దలు విచారింపవచ్చును. ఆక్సిటోసిను విషయమును అట్లే. కాన్పైన తల్లికి రక్తము ఆగనపుడు ఇచ్చు ఆ మందు వేడికి చెడి యున్నచో, మరియొక మందు వెదకునంతలో ప్రాణము పోవచ్చును. పశువుల గాలికుంటు టీకాకును 2 మొదలు 8 డిగ్రీల చలువ కావలెను, అదియు గడ్డకట్టరాదు. టీకా వేయించినను మందలో వ్యాధి వచ్చినచో, దానికి చలువ తప్పుటయు ఒక కారణము కావచ్చును.

కడపట పెద్దలకొక మనవి. మన ఊళ్ళలో వివాహము కావలసిన బాలికకు మధుమేహమున్నచో, నలుగురికి తెలిసిపోవునను భయముచేత తల్లిదండ్రులు మందును ఇనుపపెట్టెలో బట్టలక్రింద దాచుచుందురు. పొరుగింట రిఫ్రిజిరేటరు ఉన్నను అడుగరు. అడిగినచో కులమో, పాతపగయో అడ్డు వచ్చునని మరికొందరు జంకుదురు. ఆ దాపరికమే ఆ బిడ్డ మందును నిర్వీర్యము చేయును. ఆ రోగము ఆ బిడ్డ తప్పు కాదు. ఒకరినుండి ఒకరికి అంటునది కాదు. ఆ మందు సీసాకు కులమును లేదు, మైలయు లేదు. నడిమి అరలో దానికి కావలసిన చోటు నాలుగంగుళములు. ఊరిలో ఇన్సులిను వాడువారెవరో, రిఫ్రిజిరేటరు లేనివారెవరో ఆశా కార్యకర్తకు తెలిసియుండును. ఆ కుటుంబము కోరినచో, గుట్టు బయటపడకుండ, నమ్మకమైన యొక యింట ఆ మందునకు చోటిప్పించుట పెద్దరికము గలవారు ఒక్క మాటతో చేయగల పని. ఆ మాట మరియొకరు చెప్పినచో చెల్లదు. మీరు చెప్పినచో చెల్లును.

మందు కొనునపుడు మూడు సంగతు లడుగుడు: దీనిని ఎంత చలువలో నుంచవలెను? మీయొద్ద ఇంతవరకు ఎచ్చట నున్నది? ఇంటికి ఎట్లు తీసికొనిపోవలెను? ఈ మూడింటికి సరియైన సమాధానము చెప్పలేని దుకాణమునుండి చలువమందు కొనకుడు. వేసవి వచ్చుటకు ముందే ఈ సంగతులను రచ్చబండయొద్ద నలుగురికి చెప్పుదురని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.